నాయన ఫోన్‌కు వచ్చేవాటిలో ఏది నమ్మాలి, ఎట్లా తేల్చుకోవాలి?

అడిగినది క్లుప్తంగా: "మాది అనంతపురం పక్క పల్లె. నేను బెంగళూరులో పని చేస్తాను. నాయనకు ఐదెకరాల చేను. ఫోన్‌లో ఏది వచ్చినా నమ్మి నాకూ పంపుతాడు. ఈ వారంలోనే వాన హెచ్చరిక, టమాటా రేటు, శెనక్కాయకు కొట్టే మందు, జొన్నగిరి వజ్రం, పీఎం కిసాన్ లింకు పంపినాడు. గూగుల్‌లో వెతికితే అవునని పది, కాదని పది వస్తాయి. నిజమో అబద్ధమో తేల్చే పద్ధతి ఏమన్నా ఉందా?"

ఉంది. కానీ "నిజమా, అబద్ధమా" అని మొదలుపెడితే తెగదు. ముందు అడగాల్సినవి మూడు: ఎప్పటిది, ఎక్కడిది, ఏ కొలతలో చెప్పినారు. పూర్తిగా కల్పించిన అబద్ధం తొందరగా దొరికిపోతుంది. పాత వీడియోకు కొత్త తేదీ, వేరే ఊరి సంగతికి మన ఊరి పేరు, హెక్టారు లెక్కకు ఎకరా మాట తగిలించినవే ముంచుతాయి. వాటిలో సగం నిజం ఉంటుంది కాబట్టి "ఫేక్" అని కొట్టేస్తే మీ నాయన ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడంలో న్యాయమూ ఉంది. లింకు సంగతి మాత్రం వేరు. దాన్ని పరిశీలించే పనే పెట్టుకోకూడదు. చివర్లో చెప్తాను.

వాన హెచ్చరిక. వాతావరణ శాఖ ఇచ్చే హెచ్చరికలో తేదీ, జిల్లా పేరు, రంగు ఉంటాయి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే జాగ్రత్త చర్యలు మొదలుపెట్టమని. తేదీ ఉన్న పైభాగం కత్తిరించిన పటం వస్తే దాన్ని పక్కన పెట్టి 'మౌసమ్' యాప్‌లోనో, అమరావతి వాతావరణ కేంద్రం పేజీలోనో ఆ రోజుది చూడండి. రెండు నిమిషాల పని.

కొలతల దగ్గర ఇంకో చిక్కుంది. 24 గంటల్లో 64.5 మి.మీ. నుంచి 115.5 దాకా పడితే 'భారీ', 115.6 నుంచి 204.4 దాకా 'అతి భారీ', ఆ పైన 'అత్యంత భారీ'. ఒక రోజు లెక్క ఉదయం 8.30 నుంచి మరుసటి ఉదయం 8.30 వరకు. టీవీల్లో సెంటీమీటర్లలో చెప్తారు, శాఖ పట్టికల్లో మిల్లీమీటర్లు ఉంటాయి. 12 సెం.మీ. అంటే 120 మి.మీ., అతి భారీ. 12 మి.మీ. అంటే మడిలో పదును కూడా సరిగా కాదు. ఒక సున్నా అటూ ఇటూ అయిందా అన్నది చూడటానికి ఒక సంఖ్య గుర్తు పెట్టుకోండి: ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది పొడుగునా పడే సగటు వాన దాదాపు 550 మి.మీ. "రేపు రాత్రి అనంతలో 500 మి.మీ." అని వచ్చిందంటే సంవత్సరం వాన ఒక్క రాత్రిలో కురుస్తుందని చెప్తున్నట్టు.

వరద వీడియోలకైతే తేదీ అడగకుండా నమ్మొద్దు. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పటివి, 2021 నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పటివి, 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పటివి, మూడూ జరిగినవే. గట్టి వాన పడిన వారం అవే "ఇప్పుడే అందిన వార్త" అయి తిరగ్గలవు. వాట్సాప్‌లో సందేశం పక్కన కనిపించే తేదీ మీకు అది చేరిన తేదీ మాత్రమే. పైన రెండు బాణాల గుర్తు ఉంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. పంపిన బావమరిదికి కూడా అది ఎవరు తీసినారో తెలియదు.

వీడియో ఎప్పటిదో పట్టుకునే వరస ఇది. ఏదైనా బోర్డు, బస్సు, గుడి గోపురం కనిపించే చోట ఆపి స్క్రీన్‌షాట్ తీయండి. పైన కింద అతికించిన పెద్ద అక్షరాలు కత్తిరించేయండి. లేకపోతే బొమ్మను బట్టి వెతికే గూగుల్ లెన్స్ ఆ అక్షరాలనే చదివి వాటినే వెతికి పెడుతుంది. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. మిగిలిన బొమ్మను లెన్స్‌లో వేస్తే అదే దృశ్యం ముందెప్పుడు, ఎక్కడ వచ్చిందో తెలిసే అవకాశం ఎక్కువ. దొరకకపోతే ఇంకో చోట ఆపి మళ్లీ వేయండి, మూడు నాలుగు ఫ్రేముల దాకా.

బండి నంబరు కనబడితే ఇంకా మేలు. ఏపీ 02 అనంతపురం, ఏపీ 04 కడప, ఏపీ 21 కర్నూలు. 2019 నుంచి కొత్త బండ్లకు రాష్ట్రమంతా ఒకటే ఏపీ 39 మొదలైంది. దానివల్ల జిల్లా తెలియదు గానీ వీడియో 2019కి ముందుది కాదని తెలుస్తుంది. "అనంతపురంలో ఈరోజు" అన్న వీడియోలో నిలిచిన బండ్లన్నీ కేఎల్ నంబర్లవే అయితే అది కేరళ సంగతి, ఇంక వెతకాల్సిన పని లేదు.

టమాటా రేటు. ఇక్కడ అబద్ధం కంటే అర్ధ నిజమే ఎక్కువ చెరుపు చేస్తుంది. "పెట్టె 600 పలికింది" అంటే పెట్టె ఎన్ని కిలోలదో ముందు అడగండి. 15 కిలోలదైతే కిలో 40 రూపాయలు, 25 కిలోలదైతే 24. అనంతపురం వైపు పెట్టె, మదనపల్లె పెట్టె ఒకటే అనుకోకూడదు. ఎర్రగడ్డలకు (ఉల్లికి) కర్నూలు యార్డులో క్వింటాల్ లెక్క చెప్తే, బయట బస్తా లెక్క చెప్తారు.

రెండో సంగతి, ఎవరి సరుకుకు ఆ రేటు? సర్కారు మార్కెట్ ధరల సైటు అగ్‌మార్క్‌నెట్ పట్టికలో ఒక్కో మార్కెట్‌కు మూడు ధరలు ఉంటాయి: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర. మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు ఏ రేటుకు పోయిందో అది. వీడియోలో అరిచి చెప్పేది గరిష్ఠం. అది పొద్దున్నే వచ్చిన ఒక మేలురకం లాటుకు పలికిన రేటు కావచ్చు. కాయ కోసి బండి మాట్లాడుకునే ముందు చూడాల్సింది మోడల్ ధర. అందులోంచి బాడుగ, హమాలీ, కమీషను తీసేస్తే చేతికొచ్చేది తెలుస్తుంది. 2023 జులైలో కిలో నూరు దాటినప్పటి వీడియోలు ఇప్పటికీ ఆన్‌లైన్‌లో పడి ఉన్నాయి. యూట్యూబ్‌లో శీర్షిక కింద 'మరిన్ని' నొక్కితే ఎక్కించిన తేదీ కనిపిస్తుంది. పాతది తీసి కొత్తగా ఎక్కించినవాళ్లూ ఉంటారు కాబట్టి కామెంట్లను 'కొత్తవి ముందు' అని మార్చి చూడండి. ఇది పాతదని ఎవరో ఒకరు తిట్టే ఉంటారు.

మందు డోసు. ఐదింటిలో చేను మీద నేరుగా దెబ్బ కొట్టేది ఇదే, అందుకే కొంచెం విడమరిచి చెప్తాను.

మందుల శాస్త్రం హెక్టార్లలో మాట్లాడుతుంది, మన రైతు ఎకరాల్లో. హెక్టారు అంటే 2.47 ఎకరాలు. మాటకు ఒక మందు లేబుల్ మీద 'హెక్టారుకు 1,000 మి.లీ.' అని ఉందనుకోండి. ఎకరాకు సుమారు 400 మి.లీ. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు వాడితే లీటరుకు 2 మి.లీ., 16 లీటర్ల ట్యాంకుకు 32 మి.లీ. వీడియోలో ఆయన 'హెక్టారు' మాట మింగేసి "ఎకరాకు లీటరు" అన్నాడంటే ట్యాంకుకు 80 మి.లీ. పడుతుంది. ఆకు మాడుతుంది, డబ్బు రెండున్నర రెట్లు పోతుంది, కొట్టే మనిషికీ ప్రమాదం.

తిరగబడి కూడా జరుగుతుంది. "లీటరుకు 2 మి.లీ." అన్నది సరిగ్గానే చెప్పినా, మనవాళ్లు ఎకరాకు ఆరు ట్యాంకులే కొట్టి ఊరుకుంటే పడిన నీళ్లు 96 లీటర్లు, మందు 192 మి.లీ. సగం డోసు కూడా కాదు. పురుగు చావదు. అప్పుడు "మందు నకిలీది" అని ఇంకో వీడియో పుడుతుంది. కాబట్టి వీడియోలో లీటరు లెక్క చెప్తే ఎకరాకు ఎన్ని లీటర్ల నీళ్లో కూడా చెప్పాలి. చెప్పని వీడియో సగం వీడియోనే. 'మూత' లెక్క అయితే పూర్తిగా వదిలేయండి, ఒక్కో సీసా మూత ఒక్కో కొలత.

ఇంకో చోట దెబ్బ తినేది మందు పేరు దగ్గర. ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం ద్రావణంగానూ దొరుకుతుంది, 70 శాతం గుళికల పొడిగానూ దొరుకుతుంది. పేరు ఒకటే, ఘాటు దాదాపు నాలుగు రెట్లు తేడా. వీడియో 17.8 గురించి చెప్తే, అంగట్లో 70 చేతిలో పెడితే, అదే కొలత వేస్తే? అందుకే పేరుతో పాటు శాతం, పేరు వెనకాల ఉండే ఎస్‌ఎల్, డబ్ల్యూజీ లాంటి అక్షరాలు కూడా కలిసినప్పుడే ఆ డోసు మీ డబ్బాకు వర్తిస్తుంది.

చాట్‌జీపీటీ, జెమినీ లాంటివాటిని అడిగినా ఇదే జాగ్రత్త. అవి తెలుగులో బ్రహ్మాండంగా వాక్యం కట్టగలవు, వేరువేరు శాతాల డోసులను ఒకే వాక్యంలో కలిపేయనూ గలవు. పైగా తడబాటు ఉండదు. తప్పు కూడా ఒప్పు చెప్పినంత నిమ్మళంగా చెప్తాయి. లేబుల్ మీద ఇంగ్లీషు ముక్కను తెలుగులో వివరించమని అడగండి, హెక్టారును ఎకరాకు మార్చమనండి, ఆ లెక్క మళ్లీ మీరు వేసి చూసుకోండి. 'ఏ మందు ఎంత కొట్టాలి' అని మాత్రం అడగొద్దు.

మరి ఎవర్ని అడగాలి? మొదట డబ్బాలో మడిచి పెట్టిన కాగితం. దాని మీద తెలుగు కూడా ఉంటుంది, అక్షరాలు చీమల్లా ఉంటాయి కాబట్టి ఫొటో తీసి పెద్దది చేసి చదవాలి. ఏ పంటకు, ఏ పురుగుకు, ఎంత, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి, అన్నీ అందులోనే. డబ్బా మీది వజ్రాకారపు గుర్తులో ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. తర్వాత కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా, తెలుగులోనే మాట్లాడతారు. ఊళ్లో రైతు సేవా కేంద్రం ఉంటుంది. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే అనంతపురానికి రెడ్డిపల్లి, కర్నూలు వైపు బనవాసి, కడపకు ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాలు. తెగులు పట్టిన మొక్కను వేళ్లతో సహా పీకి కాగితంలో చుట్టుకుపోతే ఫొటో కంటే బాగా తేలుతుంది.

పాత సమాచారం మందుల విషయంలో పాత వార్త కంటే చెడ్డది. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకాన్ని 2005లోనే నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. అంతకు ముందు రాసిన వ్యాసం వెతుకులాటలో పైకి తేలితే దానికి ఈ సంగతి తెలియదు గదా.

జొన్నగిరి వజ్రం. తొలకరికి జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర, వజ్రకరూరు చేలల్లో జనం వంగి వెతకడం నిజం. అక్కడ రాళ్లు దొరకడమూ నిజమే. వజ్రకరూరులో వజ్రాలను పైకి తెచ్చే కింబర్లైట్ శిల ఉంది. తేడా వచ్చేది వీడియో ముఖచిత్రంలోనూ రేటులోనూ.

ముఖచిత్రంలో పలకలు తీరి తళతళలాడే రాయి ఉంటే అది సానపట్టిన రాయి. చేలో దొరికే ముడి వజ్రం అట్లా ఉండదు, కొంచెం నూనె పూసినట్టు మసకగా ఉంటుంది. ఇక బరువు. ఒక క్యారెట్ 0.2 గ్రాము. "8 క్యారెట్ల వజ్రం" అంటే 1.6 గ్రాములు. వజ్రం సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 3.5 గ్రాములు, కాబట్టి గుండ్రంగా ఊహిస్తే ఒక సెంటీమీటరు కూడా రాదు, పెద్ద కాబూలీ శనగ గింజంత. అదే వీడియోలో పిల్లలాడే గోలీ అంత రాయి చూపిస్తే, 16 మి.మీ. గోలీ అంత వజ్రం 37 క్యారెట్ల పైమాటే. చెప్పిన బరువు, చూపిన రాయి పొసగలేదంటే ఆ బొమ్మ ఎక్కడినుంచో ఎత్తుకొచ్చిందే.

రేటు గురించి: ఈ కొనుగోళ్లు ఎక్కువగా గుట్టుగా జరుగుతాయి, బిల్లు బయటికి రాదు. అందుకే అదే రాయి ఒక చానల్లో ఇరవై లక్షలు, ఇంకోదాంట్లో కోటి అవుతుంది. ఇక్కడ 'ఎవరు చెప్పినారు' అన్నదానికంటే 'చెప్తే ఎవరికి లాభం' అన్నది అడగాలి. పెద్ద అంకె పెడితే చూసేవాళ్లు ఎక్కువ, చానల్‌కు డబ్బు ఎక్కువ. దొరకనివాళ్ల మీద ఎవరూ వీడియో తీయరు. వాళ్ల కూలి రోజులు ఎన్ని పోయినాయో ఏ లెక్కలోనూ ఉండదు.

పీఎం కిసాన్ లింకు. దీన్ని తెరిచి చూసి తేల్చుకుందామని అనుకోవద్దు. ఆ పథకం ఏడాదికి 6,000 రూపాయలు, 2,000 చొప్పున మూడు విడతలు, నేరుగా ఖాతాలో పడుతుంది. దానికి వాట్సాప్‌లో వచ్చిన ఫైలు ఎక్కించుకోవాల్సిన అవసరం లేదు. ఫైలు పేరు చివర 'డాట్ ఏపీకే' ఉంటే అది ఫోన్‌లోకి దిగే యాప్. ఇట్లాంటివాటిలో మోసపు యాప్ దిగినాక మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చినామా, బ్యాంకు ఓటీపీ మనం చూసేలోపే అవతలివాడికి చేరుతుంది. పెళ్లి పత్రిక, చలానా పేరుతో వచ్చేవీ ఇదే జాతి.

లింకు చిరునామా చదివేటప్పుడు మొదటి ఒంటి ఏటవాలు గీతకు (/) ముందు చివరి ముక్క చూడాలి. 'పీఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్' అన్నంతలో ఆగితే సర్కారుది. దాని వెనకాలే చుక్క పెట్టి ఇంకేదో పేరు, 'డాట్ కామ్' లాంటిది తగిలిస్తే ఆ వెనకదే అసలు యజమాని, ముందున్న సర్కారు పేరు ముసుగు.

ఇప్పటికే ఎక్కించేసి ఉంటే: మొదట ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే వీలు అంత ఎక్కువ. తర్వాత యాప్ తీసేయండి. తీసేసే బటన్ పని చేయకపోతే సెట్టింగుల్లో 'డివైస్ అడ్మిన్' అనుమతి రద్దు చేసి మళ్లీ తీయండి. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్'లో తెలియనిది ఉందేమో కూడా చూడండి.

గూగుల్‌లో పది అవును, పది కాదు. పది సైట్లలో ఉన్నంతమాత్రాన పది సాక్ష్యాలు కావు. ఒక వాక్యాన్ని కాపీ చేసి కోట్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. అదే వాక్యం, అదే అచ్చుతప్పుతో అన్నింట్లో ఉంటే అందరూ ఒక్కచోటనుంచే ఎత్తినారు, సాక్షి ఒక్కడే. ఆ ఒక్కదాంట్లో చెప్పిన అధికారి హోదా, ఊరు, తేదీ ఉన్నాయా? "అధికారులు చెబుతున్నారు" అని మాత్రమే ఉంటే బరువు తక్కువ. పేపర్ కటింగు ఫొటో వస్తే ఆ తేదీ జిల్లా ఎడిషన్ ఈ-పేపర్‌లో ఉందో లేదో చూడండి. తేదీ కత్తిరించిన కటింగుకు జవాబు చెప్పే బాధ్యత పంపినవాళ్లది, మీది కాదు. తెలుగులో ఇప్పటికే పరిశీలించి రాసినవి ఫ్యాక్ట్‌లీ అనే సైటులో దొరుకుతాయి, కేంద్ర పథకాల పుకార్లకు కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ వాళ్ల ఫ్యాక్ట్ చెక్ ఉంది. మన మండలం స్థాయి సంగతులు వాటిలో అన్నీ రావు, దానికి ఆ ఊళ్లో తెలిసినవాళ్లకు ఒక ఫోన్ కాల్ చాలు.

మీ నాయనతో ఎట్లా చెప్పాలన్నది మీరు అడగలేదు గానీ, పని చెడేది అక్కడే. బంధువుల గ్రూపులో అందరి ముందర "ఇది ఫేక్ నాయనా" అని రాయకండి. పంపింది పెద్దాయన, పరువు పోయిందనుకుంటే రేపటి నుంచి మీకు పంపడం మానేస్తాడు, నమ్మడం మానడు. ఆయన మీకు పంపుతున్నంత కాలం మీ చేతిలో ఒక కళ్లెం ఉన్నట్టే. సాయంత్రం ఫోన్ చేసి, ఆయనకు మీకంటే బాగా తెలిసిన వైపు నుంచి అడగండి: "పెట్టె ఎన్ని కిలోలదంట నాయనా?", "ఎకరాకు ఎన్ని ట్యాంకులు కొట్టమన్నాడు?" నలభై ఏండ్లు సేద్యం చేసినాయనకు ఆ ప్రశ్నలోనే లొసుగు కనబడుతుంది. వజ్రం వీడియో సరదాకు చూసుకోనీయండి, దానికి పోట్లాట దండగ.

ఈసారి ఊరికి పోయినప్పుడు ఆయన ఫోన్‌లో చేయాల్సినవి: సెట్టింగుల్లో 'తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్' అనుమతి వాట్సాప్‌కు, బ్రౌజర్‌కు తీసేయండి. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతట అవే దిగడం ఆపండి. 'మౌసమ్' యాప్ పెట్టి అనంతపురం ఎంచి మొదటి పేజీలోకి తెండి. 1930, కిసాన్ కాల్ సెంటర్ నంబర్లు తెలుగు పేర్లతో దాచండి. మందులు కలిపే చోట మి.లీ. గీతలున్న కొలగ్లాసు ఒకటి కొనిపెట్టండి. మందు కొన్నప్పుడు బ్యాచ్ నంబరు రాసిన బిల్లు తీసుకుని ఫొటో మీకు పంపమనండి. రేపు పంటకు ఏదన్నా అయితే అడగడానికి ఆ కాగితమే ఆధారం.